అంగారకుడి మీద గుంపు మేస్త్రీ

2003 జూన్, ఆదివారం మధ్యాహ్నం. ఆత్మకూరులో దర్జీ దుకాణం. హాజరైనవారు: నేను, దర్జీ, మా అక్క మొగుడైన బావ, పశువుల దవాఖాన కంపౌండర్.

అప్పట్లో మా అభిమాన రచయిత పేరుంటే మందుల చీటీనైనా కళ్లకద్దుకుని చదివేవాణ్ణి. ఆయన పల్లె కథలను పదేళ్లుగా ప్రతి ఆదివారం ఈ ముగ్గురికి పైకి చదివి వినిపించాను. 'ఆయనంత రాసేవాడు తెలుగులో లేడు' అని ఎన్నిసార్లు అన్నానో, మా బావ ఆయన్ని 'మీ దేవుడు' అనేవాడు. ముందే చదివి రావడం మా దగ్గర దొంగతనం కింద లెక్క. అందరం ఒకేసారి వినాలి. అందుకే ఆయన మొదటి సైన్సు నవల వచ్చిన రోజు, ఒక్క పేజీ కూడా చూడకుండా అందరినీ పిలిచి కూర్చోబెట్టాను.

అంగారక గ్రహం. ఒక శాస్త్రజ్ఞుడు మరో శాస్త్రజ్ఞుడికి, ఇద్దరికీ బాగా తెలిసిన యంత్రం గురించి పదకొండు పేజీలు వివరించాడు.

"ఏంది బామ్మర్ది, గా గ్రహంల ఎవ్వరికీ ఆకలి గాదా?" అన్నాడు బావ.

"జర ఆగు బావా, ఇప్పుడే మొదలైంది."

"మీ దేవుడు ముసలోడైండు" అంటూ కంపౌండర్ చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. దర్జీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు (పదేళ్లలో నేను చదువుతుండగా ఆ మిషను ఎన్నడూ కదల్లేదు). నా పదేళ్ల మాట కళ్లముందే మునిగిపోతోంది. పుస్తకం మీద నుంచి చూపు తీయకుండా, అందులో లేనిది చదవడం మొదలుపెట్టాను. వలస పనులకు కూలీలను తోలుకుపోయే ఒక గుంపు మేస్త్రీ పాలమూరు ఆలుమగలను అంగారకుడి మీద కాలువ తవ్వించడానికి తీసుకుపోయాడు. బిడ్డను అవ్వ దగ్గర విడిచిపోయారు. అవ్వ రోజూ ఆ ఎర్ర చుక్క వైపు చూసి "తిన్నరా బిడ్డా?" అని అడిగేది. (మధ్యమధ్య పేజీలు తిప్పడం మరవలేదు.) మిషను ఆగింది. కంపౌండర్ చెప్పులు విడిచి మళ్లీ కూర్చున్నాడు. బావ ముక్కు చీదుకుని, "దేవుడు దేవుడే!" అన్నాడు.

నా సంతోషం ఒక టీ తాగేంతసేపు నిలిచింది. లేవబోతుంటే దర్జీ, "సారూ, పుస్తకం ఇయ్యుండ్రి. మా ఇంటామె చదువుతది. వాళ్ల అమ్మానాయిన పుణె పనికి పోతే ఆమె గిట్లనే అవ్వకాడ పెరిగింది" అన్నాడు. లేదనడానికి నోరు రాలేదు. ఇచ్చాను.

మర్నాడు పొద్దున పళ్లు తోముకుంటుంటే దర్జీ వచ్చాడు. ముఖంలో కోపమైనా లేదు.

"సారూ, అవ్వ యాడుంది? ఇంటామె ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా దేవులాడింది."

"అది పుస్తకంలో లేదు. నేనే అల్లి చెప్పిన."

రచయిత పరువు, నా మాట రెండూ ఒక్కసారే పోయాయి. దర్జీ మాత్రం కదల్లేదు.

"పోనీ, ఆలుమగలు వాపసొచ్చిండ్రా లేదా? ఇంటామె అడిగి రమ్మంది."

నేను అంతదాకా ఆలోచించలేదు. "వచ్చిండ్రని చెప్పు" అన్నాను, నోటినిండా పళ్లపొడితో.

ఆయన నమ్మలేదు. అయినా తలూపి, పుస్తకం అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. నాకు ఆ ఒక్క అబద్ధమైనా నోరు కడుక్కుని చెప్పాలని తోచలేదు.