మాస్టారు అంటించిన రెక్సిన్

మా మాస్టారు మొన్న కాకినాడలో పోయారు. కబురు తెలిసిన గంటకే నా ఫోన్ నిండా దండలు వేసిన ఫొటోలు. ‘తప్పన్నది ఎరగని చెయ్యి’ అని రాశాడొకాయన. ఆయనింట్లో పియానో మీద ఇస్త్రీ బట్టలు పెట్టుకుంటారు. మాస్టారిని ఒక్కసారీ పిలిచి చూపించలేదు. ఇలాంటివాళ్లకే మాటలు బాగా వస్తాయి.

మాస్టారు పియానోలు బాగుచేసేవారు. పదకొండేళ్లు ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. పోయినేడాది ఒక పాత బడి పియానో మా దగ్గరికొచ్చింది. మెట్టు నొక్కితే లోపలి చిన్న సుత్తి తీగను కొట్టి వెనక్కి రావాలి. ఒక్కటీ రావడం లేదు. ప్రతి సుత్తి మొదలు దగ్గర మెత్తటి తోలు ముక్క ఉండాలి. ఎవడో మహానుభావుడు దాని బదులు రెక్సిన్ అంటించాడు. మా ఎండలకి అది పాకంలా సాగుతోంది. ఇక బాగవకపోతే పాత సామాన్లవాడికి ఇచ్చేస్తామని బడివాళ్లు ముందే చెప్పేశారు.

రెక్సిన్ అంటే నాకు అసహ్యం. తోలు వేషం కట్టిన గుడ్డ అది. “సోఫాలకి తొడుగులు వేసుకోక వీడికెందుకండీ పియానోలు? బుర్రలేని వెధవ!” అని మూడు రోజులు తిట్టాను. తిడుతూనే ఒక ముక్క పట్టి లాగితే చెక్క పెచ్చు ఊడొచ్చింది.

“లాగకయ్యా,” అన్నారు మాస్టారు, వేడినీళ్లలో పిండిన గుడ్డ ఇంకో ముక్కకి చుడుతూ. “అదే వదిలేదాకా ఆగు.”

నాలుగో రోజు ఒక ముక్క ఊడగానే కింద చెక్క మీద సుత్తి వరస నంబరు, పెన్సిల్‌తో వేసిన ఏడు అంకె కనిపించింది. తోక పొడుగ్గా కిందికి లాగిన ఏడు. రోజూ మా షాపు బిల్లుల మీద మాస్టారు వేసే ఏడే. తలెత్తి మాస్టారి వైపు చూశాను.

“నేనేనయ్యా అంటించింది. వానాకాలం తోలుకి బూజు పడుతోంది, దీనికి పట్టదులే అని తెగ మురిసిపోయాను. ఎండాకాలం సంగతి తట్టలేదు.”

“మరి నేనన్ని తిట్లు తిడుతుంటే చెప్పరేంటండీ?”

“సరిగ్గానే తిడుతున్నావు కదా, ఆపడం ఎందుకని.”

సిగ్గుతో చచ్చిపోయాను. మిగిలినవి నేను తీస్తానంటే ఒప్పుకోలేదు. అప్పటికే ఆయన చేతులు వణుకుతున్నాయి. తన తప్పు తన చేత్తోనే తీసేయాలని పంతం. ఆ వారం నేర్చుకున్నంత పని పదకొండేళ్లలో నేర్చుకోలేదు. ఆయనకి తప్పే తెలియదని రాసేవాళ్లకి ఆ వారం దక్కలేదు, పాపం.

ఆఖరి ముక్క ఊడాక కిటికీ దగ్గరికి వెళ్లి వెలుతురులో తిప్పి తిప్పి చూశారు. “బుర్రలేని వెధవ,” అన్నారు, అచ్చం నాలాగే. తర్వాత కొత్త తోలు ఒళ్లో పరుచుకుని, కత్తెర కోసం నా వైపు చెయ్యి చాపారు.