తొట్టిలో చేపలు ఏమయ్యాయి

వేసవిలో మరమ్మతులకని కాలువ కట్టేసేవారు. ఆలోపే కొవ్వూరు పక్కనున్న మా ఊళ్లో ప్రతి ఇంటా సిమెంటు తొట్టి నిండిపోవాలి. మా పెరటి తొట్టిలో దిగితే నీళ్లు నా మెడదాకా వచ్చేవి. కాలువ మళ్లీ వదిలేదాకా తాగడానికీ వాడకానికీ అవే.

తొంభైల చివర్లో ఒక ఏడాది మా అమ్మాయి మలేరియాతో చచ్చి బతికింది. అప్పటికింకా బడిలో కూడా వేయలేదు. మరుసటి వేసవిలో ఆరోగ్య కేంద్రం నుంచి ఒకాయన వచ్చి తొట్టిలోకి టార్చి వేసి చూశాడు. "దోమపిల్లలు ఇక్కడే పెరుగుతున్నాయండి" అని, వాటిని తినే చిన్న చేపల్ని గుప్పెడు వదిలి వెళ్లాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. రోజూ పొద్దున్నే మూత తీసి వాటిని చూశాకే కాఫీ తాగేదాన్ని.

కొన్నాళ్లకి చేపలు పలచబడసాగాయి. ముందు పక్కింటి పిల్లి మీద అనుమానం వచ్చి మూత మీద రాయి పెట్టాను. అయినా తగ్గుతూనే ఉన్నాయి. ఇక అంట్లు తోమే ఆవిడ మీద పడింది నా చూపు. ఆవిడ బిందె ముంచినప్పుడల్లా ఏదో పనున్నట్టు వెళ్లి పక్కనే నిలబడేదాన్ని.

"ఆ నలుసుల్ని నేనేం చేసుకుంటానండీ, పులుసు పెట్టుకుంటానా?" అని ఆవిడ నన్ను దులిపేసింది. నా అనుమానం మాత్రం తీరలేదు.

చివరికి ఒక్క చేపా కనబడని రోజున కర్ర పెట్టి అడుగంతా కెలికాను. నల్లగా, మోచేతి మందాన కొర్రమీను ఒకటి మెల్లగా కదిలింది. చిన్న చేపలన్నీ దాని పొట్టలోకే పోయాయన్నమాట.

వసారాలో మా అత్తగారు మనవరాలి కోసం పలచటి గుడ్డలో నీళ్లు వడకడుతున్నారు.

"అత్తయ్యగారూ, తొట్టిలో కొర్రమీనుని ఎవరు వేశారండీ?"

"నేనేనమ్మా. చేపలావిడ చేత బతికున్నదాన్ని తెప్పించాను. మా పుట్టింట్లో నూతిలో వేసేవారు, పురుగూ పుట్రా తినేస్తుందని. ఆ గవర్నమెంటోళ్లు వదిలినవి ఏం చేపలో ఏంటో! మందు పెట్టి పెంచుతారంట. పిల్ల నీళ్లతో పాటు మింగేస్తే?"

నాకు ఒళ్లు మండిపోయింది. అడ్డమైన వాళ్లనీ అనుమానించాను, ఈవిడని తప్ప. ఇవాళ కడిగేయాల్సిందే అని నోరు తెరిచాను.

"అమ్మా, చలేస్తోంది" అంది పిల్ల గదిలోంచి.

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. అత్తగారి చేతిలో గుడ్డ నుంచి నీళ్లు కారి చీర తడిసిపోతున్నా ఆవిడ చూసుకోలేదు.

"నేను వడకట్టే పోశాను కదమ్మా" అన్నారు.