నీళ్ల టైముకు మాయమయ్యే తూఫాన్

శంషాబాద్‌లో ఒక పుకారు ఉంది. ఎయిర్‌పోర్టు క్యాబ్ పార్కింగ్‌లో టర్ను కోసం కాచుకుని కూర్చునే డ్రైవర్లలో సగం మందిని ఫోన్లో ఏలుతున్న చక్రవర్తి తూఫాన్ అసలు మగవాడే కాదట. మా గల్లీలో నీలం గేటు ఇంటి షహజాదియేనట. ఇది నిజమని ఇప్పటిదాకా ఎవరూ తేల్చలేదు. తేలకపోతే చెప్పుకోకూడదని కూడా ఎవరూ అనలేదు.

ముందు ఆట సంగతి. అది పాతకాలపు రాజ్యాల ఆట. ఫోన్లో ఒక ఊరు ఇస్తారు. పొలాలు పండించాలి, గోదాములు నింపాలి, గుడిలో రోజూ దీపం పెట్టించాలి. దీపం మరిస్తే జనం అలుగుతారు, గింజలు పుచ్చిపోతాయి. సేనాపతులను పెట్టుకుని పక్క ఊళ్ల మీదికి పోవాలి. ఊళ్లన్నీ కలిస్తే రాజ్యం, దానికొక చక్రవర్తి. రాజధానిలోని పెద్ద గుడి ఎవరి చేతికి చిక్కితే సింహాసనం వాళ్లది.

పార్కింగ్‌లో కారు పెట్టి టర్ను కోసం కూర్చుంటే ఒక్కోసారి పూటకు పూట గడిచిపోతుంది. అంతసేపు డ్రైవర్లు ఏం చేస్తారు? యుద్ధాలు చేస్తారు. ట్రాలీ తోసుకుంటూ వచ్చే ప్రయాణికులకు తెలియదు గాని, వాళ్ల సూట్‌కేసు డిక్కీలో పెట్టే మనిషి అప్పుడే ఒక కోట కూల్చి వచ్చి ఉంటాడు.

షహజాది భర్త ఇనాయత్ వాళ్లలో ఒకడు. తూఫాన్ సైన్యానికి పెద్ద సేనాపతి. ఇంట్లో గ్యాస్ అయిపోయిందని భార్య వారమంతా చెప్పినా కదలడు. తూఫాన్ “లేవు” అని రాస్తే మాత్రం కప్పుకున్న దుప్పటితో సహా లేచి నిలబడతాడు.

తూఫాన్ ఆజ్ఞలు రెండు మూడు మాటలు దాటవు. “ఉత్తరానికి పో.” “గోదాము చూడు.” “మాట్లాడకు.” పార్కింగ్‌లో దీనిమీద పెద్ద చర్చలు జరిగేవి.

“రాజంటే గట్లుండాలె ఇనాయత్ భాయ్,” అనేవాడు కందుకూరు నుంచి వచ్చే పాత డ్రైవరు కుర్మయ్య. “ఉత్తగ లొడలొడ ఒర్లడు. గుడిల దీపం ఒక్కనాడు మర్వడు. మా దిక్కోడే అయ్యుంటడు, మస్తు భక్తి.”

“పో అన్నా! ఆ దిమాక్ చూస్తె నవాబుల ఖాందాన్ లెక్క కొడ్తుంది,” అనేవాడు ఇనాయత్.

ఇద్దరూ తప్పేనని, ఆ మనిషి టైపు చేయడం సరిగ్గా రాక రెండు మాటలతో సరిపెట్టుకుంటుందని మా గల్లీ నమ్మకం.

కథ ఎలా మొదలైందంటే, ఇనాయత్ కొత్త ఫోను కొని, అద్దం పగిలిన పాతది భార్యకిచ్చాడట. అందులో అతను ఓడి ఓడి విసుగొచ్చి వదిలేసిన ఊరొకటి ఉండిపోయింది. కొత్త ఫోన్లో కొత్త ఊరు పెట్టుకుని, పాతదాని మాటే మరిచాడు. ఒకరోజు షహజాది వేలు తగిలి అది తెరుచుకుంది. చూస్తే గోధుమలకు పురుగు పట్టింది, గుడి కూలింది, జనం వాకిళ్లలో కూర్చుని ఏడుస్తున్నారు. గింజ పాడైతే చూడలేని మనిషి ఆమె. కాస్త శుభ్రం చేసి మూసేద్దామనుకుంది. పేరు కూడా తూఫాన్ అని మార్చింది. ఏడాది తిరిగేసరికి మ్యాపులో ఒక్క మూల తప్ప ఆమెది కాని జాగా అరచేతంత కూడా మిగల్లేదు.

ఆమె ఊళ్లను పట్టే తీరే వేరు. ముందు సైన్యం పోదు, బస్తాలు పోతాయి. కరువు వచ్చిన ఊరికి గోధుమలు, దీపం ఆరిన గుడికి నూనె. కొన్నాళ్లకు ఆ ఊరు తనంతట తానే వచ్చి కలుస్తుంది. అప్పటికీ కలవనిదాని మీదికి ఇనాయత్‌ను పంపుతుంది.

చేతికొచ్చిన అధికారాన్ని ఇంటికి కూడా కొంచెం వాడుకుందని అంటారు. ఇనాయత్ ఇంటికి రాకుండా కారులోనే పడుకుంటున్న రోజుల్లో తూఫాన్ నుంచి ఆజ్ఞ వచ్చింది. “అలసిన సేనాపతి వద్దు. ఇంటికి పో.” ఇనాయత్ మారుమాట లేకుండా కారు తిప్పుకుని వచ్చాడు.

“ఇయ్యాల గింత జల్ది వచ్చిండ్రేంది?” అంది షహజాది అన్నం వడ్డిస్తూ.

“పైనుంచి ఆర్డర్,” అన్నాడు ఇనాయత్ గంభీరంగా.

ఇంత జరిగాక గుట్టు బయటపడితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. పార్కింగ్ అంతా పడీపడీ నవ్వుతుంది. ఇనాయత్ తలెత్తుకోలేక పాత ఫోను తీసుకెళ్లి సంపులో వేస్తాడు. ఫోనుతోపాటే రాజ్యమూ మునుగుతుంది.

శత్రువు లేని రాజ్యం ఉండదు కదా. ఆ మిగిలిన మూల తుక్కుగూడలో ప్లాట్లు అమ్మే రాఘవేందర్‌ది. అతను ఎప్పటినుంచో ఆ సింహాసనం మీద కన్నేసి ఉన్నాడు. చివరికి ఒకటి కనిపెట్టాడు. తూఫాన్ రోజు విడిచి రోజు పొద్దున గంటసేపు మాయమవుతాడు. ఎందుకో తెలియక అతని మనుషులు తలలు బద్దలు కొట్టుకున్నారు. ఒకడు పూజ అన్నాడు, ఒకడు జిమ్ము అన్నాడు. మా గల్లీలో చిన్నపిల్లను అడిగినా చెప్పేది, అది నల్లాలో నీళ్లు వచ్చే టైమని.

కారణం తెలియకపోయినా టైము తెలిస్తే చాలనుకున్నాడు రాఘవేందర్. సరిగ్గా ఆ గంటలోనే రాజధాని మీద పడ్డాడు.

ఆ పొద్దున ఇనాయత్ కారు సర్వీసింగుకు పోయింది. మనిషి వాకిట్లో మంచం మీద కూర్చుని ఫోను చూస్తున్నాడు. షహజాది నల్లాకు పైపు పెట్టి డ్రమ్ము నింపుతోంది. పక్కింటి శివమ్మది కూడా అదే నల్లా. బిందెలు పట్టుకుని తన వంతు కోసం నిలబడింది.

“గయా! గుడి పోతుంది!” అని అరిచాడు ఇనాయత్.

“ఏ గుడి?” అంటూ శివమ్మ హడలిపోయింది.

“ఫోన్లది అక్కా! ఆ రాఘవేందర్ గాడు దర్వాజ దాక వచ్చిండు. తూఫాన్ హుకుం లేంది నాకు ఎనక గేటు తెరువరాదు. గీ టైంల యాడ పోయిండో ఏమో!”

షహజాది చేతిలో పైపు పాములా లేచి శివమ్మకు తలస్నానం చేయించిందట. ఫోను ఆమె కుర్తా జేబులోనే ఉంది. తీస్తే మొగుడు చూస్తాడు. తీయకపోతే రాజ్యం పోతుంది.

“ఇల్మాకె అబ్బా, జర ఈ పైపు పట్టుకోండ్రి,” అంది కూతురి పేరు పెట్టి మొగుణ్ని పిలుస్తూ.

“ఈడ రాజ్యం పోతుంటె పైపంటవేందే!”

ఆమె డ్రమ్ము నింపమని పైపు శివమ్మ చేతిలో పెట్టి, బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకుంది. గేటు తెరవమని ఒక్క ముక్క రాస్తే సరిపోదు. యుద్ధం ముగిసేదాకా చక్రవర్తి కదలకుండా హుకుంలు ఇస్తూనే ఉండాలి. బాత్రూంలో ఎంతసేపని ఉంటుంది? అప్పటికే శివమ్మ పైపు డ్రమ్ములో వదిలేసి వచ్చి తలుపు బాదుతోంది.

“ఏమాయెనే నీకు? నా బిందెలు ఎప్పుడు నింపుకోవాలె? నల్లా బంద్ అయినంకనా?”

షహజాది చేయగలిగింది ఒకటే ఉంది, అదే చేసింది. బయట ఇనాయత్ ఫోను టింగుమంది. “సింహాసనం నీకే. గేటు తెరువు.”

ఇనాయత్ గేటు తెరిచాడు. ఏనుగులు బయటికొచ్చాయి. రాఘవేందర్ ఔటర్ రింగు రోడ్డు దాటేదాకా వెనక్కి చూడలేదట. ఇనాయత్ మంచమెక్కి గంతులేస్తుంటే నవారు తెగింది. షహజాది మొహం కడుక్కుని బయటికొచ్చి, “ముబారక్” అని, మళ్లీ పైపు పట్టుకుంది.

ఇక చక్రవర్తి ఇనాయత్ పాలన. యుద్ధాలు తప్ప అతనికి వేరే పని తెలియదు. దీపాలు ఆరిపోయాయి. కలిసిన ఊళ్లు ఒక్కొక్కటే జారిపోయాయి.

“రాజువైనవ్ సరే, నూనె ఏది భాయ్?” అని కుర్మయ్య పార్కింగ్‌లో అందరి ముందే నిలదీశాడు. “మా ఊర్ల గోధుమలన్ని పుచ్చిపాయె. తూఫాన్ ఉన్నప్పుడు గిట్ల లేకుండె.”

రాఘవేందర్ ఈసారి రెట్టింపు సైన్యంతో వస్తున్నాడని తెలిశాక ఇనాయత్ పొగరు దిగింది. తూఫాన్‌కు రాశాడు. “హుజూర్, వాపస్ రండ్రి. ఏ షర్తు పెట్టినా మంజూర్.”

షహజాది అప్పుడు బియ్యం ఏరుతోందట. ఏరడం పూర్తయ్యాకే జవాబిచ్చిందట. అది ఇనాయత్ ఒక్కడికే కాదు, సేనాపతులందరికీ పోయింది. తూఫాన్ పంపిన వాటిలో అంత పొడుగు మెసేజీ ఇంకొకటి లేదు. “నల్లా వచ్చే పొద్దున ఎవరింట్లో వాళ్లు నీళ్లు నింపాలి. నింపనివాడికి సైన్యం లేదు.” కారణమేమిటని అడిగినవాడికి “మాట్లాడకు” అని వచ్చింది.

ఇనాయత్ కిరీటం తిరిగి ఇచ్చేశాడు. అప్పటినుంచి రోజు విడిచి రోజు పొద్దున శంషాబాద్‌లో క్యాబ్ దొరకదు. డ్రైవర్లంతా లుంగీలు ఎగ్గట్టి నల్లాల దగ్గర ఉంటారు. తూఫాన్ ఇప్పుడు ఆ గంటలో కూడా మాయం కావడం లేదు. రాఘవేందర్ మూడుసార్లు వచ్చి మూడుసార్లూ తన్నులు తిని పోయాడు.

మొన్న ఇనాయత్ పైపు పట్టుకుని నిలబడి ఉండగా, శివమ్మ ఆగలేక షహజాదిని గేటు పక్కకు లాగి అడిగేసింది.

“నిజం చెప్పవే. ఆ తూఫాన్ నువ్వేనంట గదా?”

“తోబా తోబా! ఎవరు పుట్టించిండ్రక్కా ఈ మాట? నాకు ఆట తెల్వదు, తూఫాన్ తెల్వదు. ఆ పొద్దుగాల కడుపుల గడబిడ అయ్యి బాత్రూంకు పోయిన, గంతే. మా ఆయన పైపు పట్టుకుంటుండంటె, నేను చెప్పిన, ఆయన ఇన్నడు. మొగడు పెండ్లాం మాట ఇన్నడంటె ఈ గల్లీల ఒక్కరు నమ్మరు. యాడనో మొకం తెల్వనోడు చెప్పిండంటె మాత్రం అందరు నమ్ముతరు. అంత ఝూటా!”