ఎడమ గురువుగారి తీర్పులు

మా బాబాయి కార్ల షెడ్డులో చక్రాలు సరిచేసే మెకానిక్కు. స్టీరింగు మీంచి చెయ్యి తీసినా కారు తిన్నగా పోవాలంటే నాలుగు చక్రాలూ ఒకదానితో ఒకటి సరిపోయేలా ఉండాలి. వాటిని అలా ఉంచడమే ఆయన పని. పద్దెనిమిదేళ్లుగా అదే చేస్తున్నాడు. ఆ పనిలో ఆయన నేర్చుకున్నదంతా మొదటి రెండేళ్లలోనే నేర్చుకున్నాడు. మిగతా పదహారేళ్లూ తనకు తెలియనిదేదీ లేదని చెప్పుకోవడానికే సరిపోయాయి.

రెండేళ్ల క్రితం ఆయనకొక వీడియో గేమ్ దొరికింది. కారు పందేలది. అందులో కొండలూ సముద్రపు ఒడ్డూ ఏమీ ఉండవు. అర కిలోమీటరు పొడవున, గుడ్డు ఆకారంలో ఒక ట్రాకు. చూడ్డానికి మామూలు కార్లలాగే ఉండే బరువైన కార్లు ఇరవై నాలుగు, ఒకదాన్నొకటి రాసుకుంటూ గుద్దుకుంటూ ఎడమకి తిరుగుతాయి. మళ్లీ ఎడమకి. అలా నూటయాభై చుట్లు. కుడికి తిరగాల్సిన అవసరం పొరపాటున కూడా రాదు. తన అభిప్రాయాన్ని ఎన్నడూ మార్చుకోని మనిషికి ఇంతకంటే నప్పే ఆట ఉండదు.

ఆ ఆట కోసం ఒక స్టీరింగు కొని, దాన్ని పిన్ని కుట్టుమిషను బల్లకి బిగించాడు. పిన్ని ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఆయన షెడ్డు నుంచి వచ్చేసరికి ఆమె సగం కుట్టిన జాకెట్టు తీసుకుని మంచం మీదికి మారి, మిగతాది చేత్తో కుట్టుకోవాలి.

"ఏమండీ, అంతసేపు తిప్పి చివరికి ఎక్కడికి చేరారు?" అని ఒకరోజు అడిగింది.

"బయల్దేరిన చోటికే. పందెమంటే అంతే."

"ఆ మాత్రానికి బయల్దేరడం ఎందుకు? కూర్చున్నచోట కూర్చుంటే నా జాకెట్టైనా పూర్తయ్యేది."

బాబాయి పెదవి విరిచాడు. ఆ విరుపు ఆయనకు పుట్టుకతో వచ్చింది.

అయితే ఆయన్ని పట్టుకున్నది ఆట కాదు. ఆట గురించి ఆడేవాళ్లు అభిప్రాయాలు రాసుకునే పేజీ. బొటనవేలు పైకో కిందికో పెట్టి, కింద కారణం రాయాలి. ఎన్ని గంటలు ఆడారో పక్కనే కనిపిస్తుంది. ఆయన ఫోనులో టైపు చేస్తే అక్షరానికో తప్పు దొర్లుతుంది కాబట్టి, ఆయన చెప్పడం, నేను రాయడం. అలా ఆ పేజీలోని మనుషులంతా నాకు పరిచయమయ్యారు. ఆ పరిచయం లేకపోయినా నా బతుకు నిక్షేపంగా గడిచేది.

ఒకడు తొమ్మిది వందల గంటలు ఆడి, 'చెత్త ఆట, ఎవరూ దగ్గరికి రావద్దు' అని రాశాడు. మరుసటి వారానికి అతని లెక్క తొమ్మిది వందల నలభై అయింది. ఒకడు పదిహేను నిమిషాలు ఆడి, ఇంజను చప్పుడు మీద రెండు పేజీలు రాశాడు. ఒకడికి తను ఎవరినైనా గుద్దితే అది నైపుణ్యం, తనను ఎవరైనా గుద్దితే ఆట తయారుచేసినవాళ్ల కుట్ర. ఓడిపోయినవాడు ఒక్కడు కూడా 'నాకు చేతకాలేదు' అని రాయగా నేను చూడలేదు. వీళ్లందరి మీదా తీర్పరిగా మా బాబాయి వెలిశాడు.

ఆయనకు పేరు తెచ్చింది ఒకే ఒక్క జవాబు. కొత్తగా చేరిన ఒకరు పాపం చాలా మర్యాదగా అడిగారు: 'తిన్నగా పోయేచోట కూడా కారు ఎడమకి లాగుతోంది. ఇది ఆటలో లోపమా? దయచేసి ఎవరైనా చెప్పగలరా?'

"రాయమ్మాయ్," అన్నాడు బాబాయి, కాలు మీద కాలేసుకుని. "ఎడమకి లాగకపోతే అది కారెందుకవుతుంది? లాగడమే దాని పని. చేతకాకపోతే బస్సెక్కు."

మూడు వందల పన్నెండు మంది మెచ్చుకున్నారు. ఆ రోజు నుంచి ఆయన అక్కడ 'ఎడమ గురువు'. విషయపరంగా చూస్తే ఆయన చెప్పింది నిజమే. ఆ ఆటలో ఎప్పుడూ ఎడమ మలుపే కనుక, ఎడమ చక్రాల్లో గాలి తక్కువ, కుడి చక్రాల్లో ఎక్కువ పెట్టి, ముందు చక్రాల్ని కూడా ఎడమకి అనువుగా వాలుస్తారు. బస్సు సలహా మాత్రం ఎవరూ అడగలేదు. అదే అందరికీ నచ్చింది. పది రోజులకొకసారి ఎవరో ఒకరు అదే ప్రశ్న అడిగేవారు, నేను అదే జవాబు అతికించేదాన్ని. ఇంట్లో కూడా బీరువా తలుపు సరిగా పడకపోయినా, కుళాయి కారినా, "లాగడమే దాని పని" అనేవాడు.

ఇలా ఉండగా షెడ్డు యజమానికి మోకాళ్లు పట్టేశాయి. తను కుర్చీలో కూర్చుంటానని, నెలాఖరుకల్లా ఒకరిని హెడ్ మెకానిక్కుగా పెడతానని చెప్పాడు. పోటీలో ఇద్దరే. ఒకరు బాబాయి. రెండోవాడు బ్యాటరీలు చూసే అతను. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. పనిలో చేరి ఆరేళ్లే.

"అతనా?" అనేవాడు బాబాయి ఇంట్లో. "మెషిను తెర ఒకటికి మూడుసార్లు చూస్తే గానీ నట్టు తిప్పడు. తెర చూసి చేసేవాడు మెకానిక్కా?"

చక్రాలకి పలకలు తగిలిస్తే వాటి కొలతలు ఆ తెర మీదికి వస్తాయి. సరిగ్గా ఉంటే పచ్చ రంగు, లేకపోతే ఎరుపు. బాబాయి పనిలోకి దిగేముందు ఆ తెరను గోడవైపుకి తిప్పేసేవాడు. 'నా చేతికి తెలుసు' అనేవాడు. ఆ చేతి వల్ల ఇన్నేళ్లూ పెద్ద తప్పు జరగలేదన్న మాట కూడా నిజమే.

ఆ పదవి మీద ఆయన ఎంత ఆశ పెట్టుకున్నాడో పిన్నికి చెప్పిన మాటలోనే తెలిసింది. "హెడ్ అయ్యాక నాకంటూ ఒక బల్ల కొంటాను. నీ మిషను నీకే." రెండేళ్లలో ఆయన ఆమెకిచ్చిన మాట అదొక్కటే. పిన్ని రోజూ కేలెండరు చూడటం మొదలుపెట్టింది.

నెలాఖరుకి రెండు రోజులుందనగా యజమాని బాబాయిని పిలిచి, "రేపు హెడ్మిస్ట్రెస్ మేడమ్ బండి వస్తుంది. నువ్వే చూడు. ఆవిడ బాగుందంటే ఇక నేను ఆలోచించేదేమీ లేదు," అన్నాడు. ఆవిడ రిటైరై పదేళ్లయింది. యజమాని ఆవిడ దగ్గరే చదువుకున్నాడు. ఇప్పటికీ ఆవిడ వస్తే నొప్పి కాళ్లతోనే లేచి నిలబడతాడు.

మర్నాడు మధ్యాహ్నం నేను కేరియరు పట్టుకుని షెడ్డుకి వెళ్లాను. మేడమ్ కారు, కింద నిలబడి పనిచేసుకునే గుంట మీద ఉంది, బాబాయి గుంటలో ఉన్నాడు. తెర గోడకి మొహం పెట్టుకుని ఉంది. ఫోను మాత్రం పానాల పక్కన, ఆయన కళ్లెదురుగా నిలబెట్టి ఉంది. పేజీలో ఎవరో 'ఎడమ గురువు చెప్పే గాలి లెక్క తప్పు' అని రాశారట. బాబాయి మొహం జేవురించి ఉంది.

"అమ్మాయ్, ముందు ఇది రాయి. వాడికి ఇప్పుడే బుద్ధి చెప్పాలి."

"అన్నం చల్లారిపోతుంది బాబాయ్."

"చల్లారనీ. రాయి. కుడి ముందు చక్రం పైభాగం లోపలికి వాలాలి." గుంటలో నట్టు కిర్రుమంది. "ఎడమది బయటికి. రాశావా? ఎడమ వైపు గాలి ఇరవై." పైకొచ్చి ఎడమ చక్రాల దగ్గర కూర్చున్నాడు. బుస్సుమని చప్పుడు. "కుడి వైపు నలభై." అటు వెళ్లాడు. "ఇది తెలియనివాడు ఆటలోకి రాకూడదు. అది కూడా రాయి."

నేను అన్నీ రాశాను. నా చేతిలో ఫోను, ఆయన చేతిలో గాలి గొట్టం. ఆయన నోరు చెబుతున్నదే చెయ్యీ చేస్తోందని నాకు తట్టలేదు. ఆయనకీ తట్టలేదు. చేతికి అన్నీ తెలుసు కదా.

మేడమ్ కారు తీసుకుని వెళ్లారు. బాబాయి చేతులు కడుక్కుని, కేరియరు విప్పి, ఎడం చేత్తో ఫోను పట్టుకుని తినడం మొదలుపెట్టాడు. పావుగంటలో కారు తిరిగొచ్చింది. ఎడమ వైపు అద్దం లేదు. తలుపు పొడుగునా ఎవరిదో ప్రహరీగోడ సున్నం.

మేడమ్ దిగి నెమ్మదిగా నడిచి వచ్చారు. "చూడు నాయనా, బండి ఎడమకి లాగుతోంది."

బాబాయి ఫోను మీంచి కళ్లెత్తలేదు. నోట్లో ముద్దతోనే అన్నాడు: "ఎడమకి లాగకపోతే అది కారెందుకవుతుంది? లాగడమే దాని పని. చేతకాకపోతే బస్సెక్కు."

యజమాని కుర్చీలోంచి లేచాడు. ఈసారి మోకాళ్లు అడ్డం రాలేదు.

"ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను," అన్నారు మేడమ్, ఎవరి మీదా కోపం లేనట్టు. "ఇంత ధైర్యంగా తప్పు జవాబు చెప్పినవాణ్ణి మాత్రం చూడలేదు."

బ్యాటరీ అతను కారుని గుంట మీదికి ఎక్కించి, పలకలు తగిలించి, తెరను ఇటు తిప్పాడు. అంతా ఎరుపే. గాలి చూసి, రోజుకి సరిపడా మాటలు ఒక్కసారే ఖర్చుపెట్టేశాడు. "ఇరవై. ఇరవై. నలభై. నలభై."

"ఇదెక్కడి లెక్కరా?" అన్నాడు యజమాని.

పొరపాటైంది సార్ అంటే అక్కడితో సగం గొడవ పోయేది. ఎడమ గురువులు అలా అనరు. "సార్, ఎడమ మలుపుల్లో చూడండి, ఎంత బాగా పట్టుకుంటుందో."

"ఆవిడ ఇంటికెళ్లాలిరా. ఆవిడ ఇంటికి రెండు కుడి మలుపులున్నాయి."

నెలాఖరున బ్యాటరీ అతను హెడ్ మెకానిక్కు అయ్యాడు. అతను చేసిన మొదటి పని తెరను గోడకి మేకులతో బిగించడం, తిప్పడానికి వీల్లేకుండా. రెండోది, గాలి కొట్టేవాళ్లు ప్రతి చక్రం దగ్గరా అంకె పైకి చెప్పాలన్న నియమం. బాబాయిని గేటు పక్క గాలి పంపు దగ్గర పెట్టారు.

ఆ సాయంత్రం బాబాయి నన్ను పిలిచి కొత్త అభిప్రాయం చెప్పాడు. బొటనవేలు కిందికి. 'పదకొండు వందల గంటలు ఆడాను. ఈ ఆటకీ నిజానికీ సంబంధం లేదు. మంచివాళ్లను చెడగొడుతుంది. ఎవరూ కొనకండి.' నలభై ఒక్కమంది ఇది ఉపయోగపడిందని నొక్కారు. ఏం ఉపయోగపడిందో వాళ్లకే తెలియాలి.

"అయితే ఆ స్టీరింగు ఇక తీసేస్తారా?" అంది పిన్ని, చేతిలో జాకెట్టుతో.

"ఈ పందెం అవనీ," అన్నాడు బాబాయి, బల్ల దగ్గర కూర్చుంటూ.

మరుసటి వారం కేరియరు ఇవ్వడానికి వెళ్లినప్పుడు, గేటు దగ్గర మేడమ్ కారు ఆగి ఉంది. కొత్త అద్దం వేయించారు. బాబాయి ఎడమ ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, గొట్టం పెట్టి, నేల వైపు చూస్తూ "ముప్పై రెండు," అన్నాడు.

మేడమ్ కిటికీ అద్దం దించారు. "కాస్త గట్టిగా చెప్పు నాయనా. నాకు సరిగా వినపడదు."

ఆవిడకు చెవుడు లేదు. ఆ సంగతి షెడ్డులో అందరికీ తెలుసు.

"ముప్పై రెండు," అన్నాడు బాబాయి గట్టిగా. లేచి, కారు చుట్టూ తిరిగి రెండో చక్రం దగ్గర కూర్చున్నాడు.