నల్లప్ప చెయ్యి చాపిన రోజు

మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం పోయే ప్రైవేటు బస్సుకు నల్లప్ప డ్రైవరు. లారీలు ఎదురొచ్చినా, వానలో రోడ్డు కనబడకపోయినా బెదిరేవాడు కాదు. చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి బీపీ చూసే మిషనంటే మాత్రం ఆమడ దూరం పరిగెత్తేవాడు.

1998లో ఆ బస్సుల యజమాని గోవిందస్వామి తన షెడ్డులో నెలనెలా ఆరోగ్య పరీక్షలు పెట్టించాడు. అంతకు ముందు ఒక డ్రైవరు కళ్లు తిరిగి పడబోయినప్పటి నుంచి ఆయనకు బెంగ పట్టుకుంది. మిషన్ ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన నర్సు కృపావతమ్మ వచ్చి అందరికీ బీపీ చూసేది. మొదటి నెల టైరు మార్చాలంటూ నల్లప్ప జారుకున్నాడు. రెండో నెల ఎవరి పెళ్లికో పోయాడు. మూడో నెల డీజిలు పీపాల వెనక నక్కాడు. బీపీ ఉందని తేలితే స్టీరింగు పోతుందని నల్లప్ప భయం.

నాలుగో నెల కృపావతమ్మ షెడ్డులో కనబడలేదు. నల్లప్ప ఈల వేసుకుంటూ బస్సు తీశాడు. పుంగనూరులో టీకి ఆపి ఇంజను ఆర్పగానే, ముందు సీట్లో ముసుగేసుకుని కూర్చున్న కృపావతమ్మ కొంగు తొలగించింది.

"చెయ్యి చాపప్పా, నల్లప్పా!"

"ఈడికి యాల వచ్చినావమ్మా? టైమయిపోతాండాది!"

"ఇంకా పది నిమిషాలుండాది. నేను టికెట్టు కొనే ఎక్కినా."

శాంతిపురం పోతున్న ఆదెమ్మ వెనక నుంచి అరిచింది. "సూపించుకోప్పా! మా పానాలన్నీ నీ చేతిలోనే కదా ఉండేది!"

బస్సంతా గొల్లున నవ్వింది. నల్లప్ప సిగ్గుపడుతూ చెయ్యి చాపాడు. కృపావతమ్మ రెండుసార్లు చూసింది. నూట ఎనభై, కింద నూట పది.

"స్టీరింగు తీసేస్తారా అమ్మా?" అని అడిగాడు నల్లప్ప.

"కొన్నాళ్లు ఆపుతారు. మాత్రలు ఏసుకుంటే మళ్లీ ఇస్తారు. దాక్కుంటే మాత్రం ఇయ్యొద్దని నేనే చెప్తా."

ఆమె ఎస్‌టీడీ బూత్ నుంచి గోవిందస్వామికి ఫోన్ చేసింది. పుంగనూరులోనే ఉండే వెంకటముని అనే డ్రైవరు వచ్చి బస్సును కుప్పం తీసుకుపోయాడు. నల్లప్ప ఆమెతో కలిసి ఇంకో బస్సులో మదనపల్లెకు తిరిగొచ్చాడు. దారిపొడుగునా, మలుపు వచ్చినప్పుడల్లా కాలితో లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. కృపావతమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

డాక్టరు మాత్రలు రాశాడు. ఆరు వారాలు నల్లప్ప బస్టాండులో నిలబడి "పుంగనూరు, పలమనేరు, కుప్పం!" అని కేకలేసి జనాన్ని పిలిచాడు. ఇంట్లో భార్య మునీశ్వరి ఊరగాయ జాడీ మాయం చేసింది.

"జాడీ యాడ?"

"పక్కింట్లో ఉండాది. నువ్వు పోయి అడిగితే ఇయ్యొద్దని చెప్పినా."

సంగటిలోకి ఉప్పు తగ్గించిన ఆకుకూర పప్పే గతి అయింది. బీడీలు మానేశాడు. పొద్దున్నే షెడ్డుకు నడిచిపోయేవాడు. ఏడో వారం మిషను నూట ముప్పై ఆరు చూపించింది. గోవిందస్వామి తాళం చేతికిస్తే నల్లప్ప దాన్ని కళ్లకద్దుకున్నాడు.

ఆ సాయంత్రమే నల్లప్ప, మిషను చూసి జారుకోబోతున్న వెంకటముని రెక్క పట్టుకుని కృపావతమ్మ ముందు కూర్చోబెట్టాడు. "నొప్పేమీ ఉండదప్పా, చీమ కుట్టినంత కూడా ఉండదు" అని ధైర్యం చెప్పాడు.