పడవలో ఎవరొచ్చారు

ధర్మవరంలో పట్టుచీరలకు ఫాల్స్ కుట్టేవాళ్లు వీధికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. చీరతో పాటు ఒక కథ కూడా విని పోవాలంటే మాత్రం సుహానా దగ్గరికే రావాలి. ఒక చేత్తో మిషను చక్రం తిప్పుతూ, పెదాల మధ్య గుండుసూది పెట్టుకుని కూడా గలగలా మాట్లాడగల మనిషి ఆమె. చెప్పే కథ మాత్రం ఎప్పుడూ ఒకటే. ఒక పెద్ద నది. ఒడ్డున ఒక గుడిసె. అందులో ఒక పాప. ఆ పాప నాయన పడవ వేసుకుని దూరదేశం పోతాడు, ఎంతకీ రాడు. పాప రోజూ పొద్దు గూకే వేళకు లాంతరు పట్టుకుని ఒడ్డున నిలబడుతుంది. చివరికి ఒకనాడు దూరంగా పడవ కనిపిస్తుంది.

"అంతే. అయిపాయ," అంటుంది సుహానా.

వినేవాళ్లకు ఒళ్లు మండదా మరి? "ఇదేం కతమ్మా, పడవలో ఎవురొచ్చినారో చెప్పకుండా?" అని ఎదురింటి వెంకటక్క చీర సంచి విసురుగా లాక్కుని పోయేది. పాపం, సుహానా మాత్రం ఏం చెబుతుంది? ఆమెకే తెలియదు. ఆ తెలియని ముక్క పదిహేనేళ్లుగా పంటి సందులో ఇరుక్కున్న చింతపండు పీచులా ఆమెను సతాయిస్తూనే ఉంది.

అసలది కథ కాదు, సినిమా. సుహానా హిందూపురంలో పుట్టింది. మేనమామ ముబారక్‌కు పెళ్లిళ్లు వీడియో తీసే పని. ముందు దుకాణం, వెనక ఇల్లు. అప్పట్లో సుహానా వాళ్లూ అక్కడే ఉండేవాళ్లు. ఆ చుట్టుపక్కల వీసీఆర్ ఉన్నది ఆయన ఒక్కడికే. ఆ రోజుల్లో దూరదర్శన్‌లో ఆదివారం మధ్యాహ్నం ఏవేవో భాషల సినిమాలు వేసేవారు. ఊళ్లో సగంమంది ఆ వేళకు టీవీ కట్టేసి కునుకు తీసేవాళ్లు. అలాంటి ఒక ఆదివారం సుహానా జ్వరంతో మూలుగుతూ పడుకుని ఉంది. చిన్నపిల్లల సినిమా ఏదో వస్తోందని చూసి, లేచాక పిల్ల చూసుకుంటుందిలే అని మామ ఒక క్యాసెట్టు పెట్టి, రికార్డు నొక్కి, దుకాణంలోకి వెళ్లిపోయాడు. ఆయన నొక్కేసరికే కొంచెం ఆలస్యమైంది, అందుకని సినిమా పేరు పడలేదు. అది ఏ భాషో ఆ ఇంట్లో ఎవరికీ అంతు చిక్కలేదు.

భాష రాకపోతేనేం, అమ్మ సుగ్రా ఉందిగా. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, తెర మీద మనుషుల నోళ్లు కదులుతుంటే మాటలు తానే పెట్టి చెప్పేసేది. నది ఒడ్డున పాప నోరు తెరిస్తే, "నాయనా, దావలో పైలం, తిండి టయానికి తిను అంటాండాది," అని సుగ్రా అనువాదం. ఆ పాప నిజంగా ఏమందో ఆ దేవుడికే తెలియాలి.

సినిమా అంతా బాగానే నడిచేది. దూరంగా పడవ కనిపించగానే సుగ్రా లేచి టక్కున ఆపేసేది.

"ఇంగా ఉండాది గదమ్మా?"

"ఏం లేదు. వాళ్ల నాయన వచ్చేసినాడు. లెయ్, పొయ్యి మీద చారుండాది."

ఇది ఒకసారి కాదు, ప్రతిసారీ జరిగేది. ఒకనాడు అమ్మ అంగడికి పోయినప్పుడు సుహానా దొంగచాటుగా క్యాసెట్టు పెట్టుకుని కూర్చుంది. సరిగ్గా పడవ కనిపించే వేళకు కరెంటు పోయింది. అమ్మా కరెంటూ కూడబలుక్కున్నారేమో అనిపించి ఆ పిల్ల ఉక్రోషంతో ఏడ్చింది.

సుహానా నాయన హజరత్‌వలి లారీ డ్రైవరు. చింతపండు లోడెత్తుకుని కలకత్తా పోయేవాడు. అక్కడ ఇంకో లోడు దొరికితే అట్నుంచి అటే అస్సాం లైను పట్టేవాడు. ఇంటికి ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. వచ్చినప్పుడల్లా కూతురికి గౌను తెచ్చేవాడు. అదేం చిత్రమో, ప్రతి గౌనూ ఒక సైజు చిన్నదే. చేతులు పట్టవు, వీపు మీద హుక్కులు కలవవు. "నీ కూతురు ఎంత ఎత్తుండాదో నీకు తెల్దా?" అని సుగ్రా దెప్పేది. ఆయన తల గోక్కుని నవ్వేవాడు. ఆ గౌన్లన్నీ ఇరుగుపొరుగు పిల్లలకు పోయేవి.

తర్వాత ఒక వానాకాలం ఆయన నుంచి ఏ కబురూ రాలేదు. లారీ ఓనరు ఏమీ తెలియదన్నాడు. ఆ రోజుల్లో సుగ్రా ఆ సినిమాను పూజలాగా రోజూ పెట్టించేది, రోజూ పడవ దగ్గర ఆపేది. చివరికి ఒకనాడు, కొండచరియలు విరిగి దారి మూసుకుపోయి ఎక్కడో చిక్కుబడ్డ హజరత్‌వలి గడ్డం పెంచుకుని నింపాదిగా ఇల్లు చేరాడు. ఆయన చేతిలో మళ్లీ ఒక చిన్న గౌను. ఇంట్లో అందరికీ ప్రాణం లేచి వచ్చింది. సుహానా మాత్రం అదే అదను అనుకుని, "నాయన వచ్చినాడు గదా, ఇప్పుడన్నా చివరిదాకా చూద్దాం," అంది. సరేనని మామ క్యాసెట్టు కోసం వెతికితే అది దొరకలేదు. ఖాళీ క్యాసెట్టు దొరక్క దాని మీద ఎవరిదో పెళ్లి ఎక్కించి ఇచ్చేశానని చాలా రోజుల తర్వాత ఒప్పుకున్నాడు. సుహానా ఆయనతో ఎన్ని నెలలు మాట్లాడలేదో.

ఇప్పుడు ఆ పిల్లకే ఒక పిల్ల, ఆరిఫా. మొగుడు షాకిర్ కూడా లారీయే. ఏరికోరి డ్రైవర్ని చేసుకుందేమిటని బంధువులు బుగ్గలు నొక్కుకున్నారు గానీ, షాకిర్ మంచివాడు, ఆ మాట అందరూ ఒప్పుకుంటారు. అతను కూడా ఈసారి అస్సాం లైను పోయాడు. పోయేటప్పుడు, "ఆ పక్క మన సిమ్ములు పనిచెయ్యవు, కంగారు పడొద్దు," అని మరీ చెప్పి పోయాడు. చెప్పిన గడువు దాటిపోయింది. ఫోను చేస్తే ఎవరో ఆడమనిషి ఇంగ్లీషులో చెప్పిందే చెబుతోంది. ధర్మవరంలో ఒంటరిగా ఉండలేక సుహానా పిల్లను ఎత్తుకుని హిందూపురం వచ్చేసింది.

ఆరిఫా అవ్వ ఒడిలో పడుకుని పడవ కథ అడిగింది. "పడవలో మా నాయనే వస్తాండాడా?" అని కూడా అడిగింది. సుగ్రా మాట మార్చింది. సుహానాకు అక్కడే కూర్చుని ఉంటే పిచ్చెక్కేలా ఉంది. చెప్పులేసుకుని బజార్లో వీసీడీ అంగడికి పోయింది.

"సినిమా పేరు చెప్పక్కా," అన్నాడు అంగడాయన.

"పేరు తెల్దు."

"హీరో?"

"హీరో లేడు. పడవుండాది."

అంగడాయన ఆమెను ఎగాదిగా చూసి ఇంకో బేరం చూసుకున్నాడు. అక్కణ్నుంచి తిన్నగా మామ దుకాణానికి పోయింది. ముబారక్ ఇప్పుడు పాస్‌పోర్ట్ ఫోటోలు తీస్తున్నాడు. పాత కోపమంతా కక్కేసి, ఆ పెళ్లి ఎవరిదో చెప్పమని పట్టుబట్టింది.

"పెనుకొండ నారాయణప్పది. శెనక్కాయల నారాయణప్ప," అని ఆయన గడ్డం గోక్కున్నాడు. ఉన్నట్టుండి గోకడం ఆపేశాడు. "ఉండుమే. అది మూడు గంటల క్యాసెట్టు. ఆ పెండ్లి గంటన్నర గూడా లేదు, వాన పడి ఊరేగింపే తియ్యలేదు. అంటే ఎనకాల మిగిలింది అట్లే ఉండాల గదా."

సుహానాకు కాళ్లు నేల మీద ఆనలేదు. పరుగున ఇంటికొచ్చి చెబితే సుగ్రా మొహం మాత్రం మాడిపోయింది.

"ఇప్పుడేమిటికి పాపా? అల్లుడు రానీ. వచ్చినాక పోదువులే."

"నీకు ముందునుంచీ ఇదే. ఆ సినిమాలో వాళ్ల నాయన రాడు. అది నువ్వు చూసినావు, చూసి నా కాడ దాచినావు. అంతేనా కాదా?"

సుగ్రా చాట ముందుకు లాక్కుంది. చాటలోని బియ్యంలో ఎప్పుడో ఏరేసిన రాళ్లనే మళ్లీ వెతుకుతూ కూర్చుంది.

మరునాడు పొద్దున్నే సుహానా పెనుకొండ బస్సెక్కింది. గుమ్మంలో ముబారక్ మేనకోడలినని చెప్పగానే నారాయణప్ప భార్య నీలావతి లోపలికి పిలిచి కాఫీ ఇచ్చింది. వచ్చిన పని చెబితే ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఆ నది సినిమానా? మా యామినికి పానం అది. మా పెండ్లి సూడదు గానీ, పెండ్లి అయిపోయినాక వచ్చే నది కోసరమే క్యాసెట్టు పెట్టుకుంటాది."

వాళ్ల కూతురు యామినికి పన్నెండేళ్లుంటాయి. ఆ పిల్లే వచ్చి క్యాసెట్టు పెట్టింది. తెర మీద నీలావతీ నారాయణప్పా తలంబ్రాలు పోసుకున్నారు, భోజనాల పంక్తిలో ఎవరో కెమెరాను చూసి సిగ్గుపడ్డారు, యామిని అన్నిటినీ పరుగులు పెట్టించింది.

"చిన్నప్పుడు మా అమ్మా నాయనా పెండ్లయినాక ఆ నది కాడికి పోయినారనుకుంటాంటి," అంది. ఆ తర్వాత కొంచెం బెరుగ్గా, "అక్కా, నీకు మొదుల్నుంచీ తెలుసు గదా. ఆ పాప ఎవురు? లాంతరు పట్టుకుని ఎవురి కోసరం నిలబడుకోనుండాది?" అని అడిగింది.

ఈ పిల్ల ఇన్నాళ్లూ మొదలు తెలియకుండా కొస మాత్రమే చూస్తోందన్నమాట. సుహానాకు నవ్వొచ్చింది, ముచ్చటేసింది. గుడిసె సంగతీ, నాయన పయనం సంగతీ, అమ్మ చెప్పిన మాటలతో సహా అంతా చెప్పింది. యామిని నోరు తెరుచుకుని వింది. చెప్పడం అయ్యేసరికి పెళ్లి కూడా అయిపోయింది. తెర మీద చుక్కలు చుక్కలుగా కాసేపు ఏదో గీరుకుంది. ఆ వెంటనే నది వచ్చింది.

అదే నది. అదే పాప. ఒక మూల రంగు కొంచెం పోయింది, అంతే. సుహానా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. జ్వరం పడి లేచిన నాటి చారు వాసన కూడా ఆమె ముక్కుకు తగిలింది. లాంతరు పట్టుకుని పాప ఒడ్డుకు వచ్చింది. దూరంగా నీళ్ల మీద నల్లగా ఒక గీత కనిపించింది. ఆ గీతే పడవ. పడవలో మనిషి లేచి నిలబడ్డాడు. మొహం ఇంకా కనిపించడం లేదు.

సుహానా లేచి, చెయ్యి చాచి, టక్కున ఆపేసింది.

యామిని బిత్తరపోయింది. "ఏమిటికి నిలిపినావక్కా?"

ఎందుకు ఆపిందో సుహానాకు కూడా ఆ క్షణంలో తెలియలేదు. చెయ్యి తనంతట తాను పోయింది. పదిహేనేళ్లు దీని కోసం ఎదురుచూసిన మనిషికి ఇప్పుడు ఇంకో నిమిషం చూడటానికి ధైర్యం చాలలేదు. షాకిర్ ఎక్కడున్నాడో, ఎలా ఉన్నాడో. ఆ పడవలో ఎవరో పరాయివాడు దిగి, ఆ పిల్ల నాయన తువ్వాలు మాత్రం తెచ్చి చేతిలో పెడితే తాను తట్టుకోగలదా?

"ఎవురొచ్చినారో నేను చెప్పేదా?" అని యామిని నోరు తెరిచింది.

"వద్దు పాపా. నీ పుణ్యముంటాది, చెప్పొద్దు. నేను మళ్లొస్తా."

బస్సులో దారి పొడుగునా కిటికీకి తల ఆనించుకుని కూర్చుంది. ఇంటికి చేరేసరికి సుగ్రా గడపలోనే నిలబడి ఉంది. పొద్దుట్నుంచీ అక్కడే నిలబడిందేమో కూడా.

"చూసినావా?" అంది.

"లేదమ్మా. పడవ కాడ నిలిపేసినా. నా చేత కాలేదు."

సుగ్రా గడప మీద కూలబడింది. కొంగు కొసను వేలికి చుట్టుకుంది.

"నేనూ అంతే పాపా," అంది. "నీ కాడ ఏమీ దాచలేదు. నేనూ చూడలేదు. మీ నాయన దావలో ఉండాడు, ఆ పడవలో ఎవురుండారో చూసే ధైర్యం నాకు యాడుండాది? వస్తాండేంతవరకూ చూస్తాంటి. అంతవరకూ బాగుంటాంది గదా."

ఇన్నేళ్లూ అమ్మకు తెలుసనుకుని ఆమె మీద కోపం పెంచుకున్న సుహానా పక్కన కూర్చుని తల్లి భుజం మీద తల పెట్టుకుంది. ఆరిఫా వచ్చి ఇద్దరి మధ్యా దూరింది.

షాకిర్ ఫోను ఆ వారంలోనే వచ్చింది, సిలిగురి దగ్గర ఏదో బూత్ నుంచి. లారీ ఇంజను చెడిపోయి కొండల్లో పడి ఉన్నాడట. ఫోను పెట్టేశాక సుహానా ఏడుస్తూ అతణ్ని తిట్టిన తిట్లు మామ దుకాణం దాకా వినిపించాయి. అల్లుడు వచ్చి, స్నానం చేసి, కడుపునిండా తిని పడుకుని లేచాక, ఎవరూ అడగకుండానే సుగ్రా తానే చీర మార్చుకుని బయటికి వచ్చింది.

"పదండి పెనుకొండకు పోదాం. ఈయప్పను గూడా పిల్చుకోండి," అని మొగుడి వైపు చూపించింది. హజరత్‌వలి నడుం పట్టేసి లారీ మానేసి చాలా కాలమైంది. ఇంట్లో ఇంత గొడవ నడిచిన సినిమాను ఆయన ఒక్కసారి కూడా చూడలేదు.

నీలావతి ఇంట్లో చాప పరిచి అందరూ కూర్చున్నారు. నది వచ్చింది, పాప వచ్చింది, పడవ వచ్చింది. సుహానా ఒక చేత్తో షాకిర్ చొక్కా అంచునూ, ఇంకో చేత్తో అమ్మ చేతినీ పట్టుకుంది. పడవ ఒడ్డుకు తగిలింది. ముందు ఒక ముసలాయన దిగాడు. ఆ వెనక కోడిని చంకలో పెట్టుకుని ఒక ఆడమనిషి దిగింది. సుగ్రా కళ్లు మూసుకుంది. "తెరువమ్మా," అంది సుహానా. అందరికంటే చివర, గడ్డం పెరిగి, మూట భుజాన వేసుకుని, పాప నాయన దిగాడు.

పాప పరిగెత్తలేదు. అలిగినట్టు అక్కడే నిలబడింది. ఆయన మూట విప్పి ఎర్ర బూట్లు తీసి ఆమె ముందు పెట్టాడు. పాప కాళ్లు దూర్చింది. పట్టలేదు. మడమలు బయటికే ఉండిపోయాయి. ఆయన ఆ మడమల వంక చూస్తూ ఉండిపోయాడు. పాప ఒక్క మాట కూడా అనకుండా, అలాగే మడమలు బయటపెట్టుకుని, లాంతరు పట్టుకుని ముందు నడిచింది. ఆయన వెనక నడిచాడు. అక్కడ సినిమా అయిపోయింది.

హజరత్‌వలి గొంతు సవరించుకున్నాడు.

"లారీలో కూచున్నోనికి పిల్లోల్లు పెరిగేది యాడ కనపడతాదప్పా," అన్నాడు షాకిర్ వంక చూసి. "మనం ఇల్లిడిసి పోయిన నాటికి ఎంతుండారో, మన లెక్కలో అంతే ఉంటారు."

సుహానాకు ఇరుగుపొరుగు పిల్లలకు పోయిన గౌన్లన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. నాయన దగ్గరికి జరిగి, ఆయన మోకాలి మీద చెయ్యి వేసి కూర్చుంది.

యామిని క్యాసెట్టు తీయబోయింది. సుగ్రా కళ్లు తుడుచుకుని ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"ఇంగొక తూరి ఎయ్యి పాపా," అంది. "పడవ కాన్నుంచి."