దీపం ఆర్పిన తరువాత

చిన్న ఊరి ప్లీడరు కథతో టీవీలో ఒక సీరియల్ వస్తోంది, దాని మీద మా ఇంట్లో రోజూ సాయంత్రం వాదోపవాదాలు. అన్నిటిలోకీ గొప్ప భాగం గుడిలో ప్రమాణం చేసేదని మా మనవరాలు అంటుంది, అన్నిటిలోకీ చెత్త భాగం అదేనని నేనంటాను. అబద్ధమాడినవాడు దీపం ఆర్పగానే ఉరుములు, మెరుపులు, గంటలు వాటంతటవే మోగడం, ఆపైన వాడు నెత్తురు కక్కుకోవడం! ఇంత హడావుడి ఎందుకమ్మా, నేను చూసిన ప్రమాణంలో ఆకు కూడా కదల్లేదంటే, మరి అందులో భయమేముంది తాతా అని నవ్వేసింది. ఆ పిల్లకు చెప్పలేకపోయింది మీకు చెబుతాను. మీలో కొందరైనా ఆ కాలపు కోర్టు అరుగుల మీద పడిగాపులు పడ్డవాళ్లే కదా.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. అక్కడ డేరాల్లో ప్రభుత్వ కచేరీలు నడుస్తుంటే, ఇటు కోయిలకుంట్ల వైపు ఒక చిన్న ఊరి మునసబు కోర్టులో నేను కొత్తగా నల్లకోటు తొడుక్కుని, పని దొరకని జూనియర్లందరిలాగే గోళ్లు గిల్లుకుంటూ ఉండేవాణ్ణి. అప్పటి సివిలు దావాల్లో ఒక పద్ధతి ఉండేది. ఎదుటివాడు ఫలానా దేవుడి ముందు ప్రమాణం చేస్తే నా హక్కు వదులుకుంటానని ఒక పక్షంవారు కోర్టులో ఒప్పుకోవచ్చు. రెండోవాడు సరేనంటే, కోర్టు నాబోటి జూనియరును కమిషనరుగా పంపి ప్రమాణం చేయించేది. ఇక సాక్షులతో పని లేదు, ఆ మాటే తీర్పు.

అన్నదమ్ములిద్దరు కలిసి తవ్వుకున్న బావి గురించి వచ్చింది ఆ దావా. అన్న పోయాడు. బావి నా ఒక్కడిదే, వదినకు భాగం లేదు పొమ్మన్నాడు తమ్ముడు. కాగితమంటూ ఏదీ లేదు. ఆ నీళ్లు లేకపోతే ఆమె చేను బీడు పడుతుంది, ఆమె కూలికి పోవాలి. పాపం, అన్నీ తెలిసే బోనెక్కి చెప్పిందామె: "మా మరిది అహోబిలం నరసిమ్మసామి ముందర దీపమార్పి నాకు భాగం లేదంటే, నేను ఆ బావి గట్టు గూడ తొక్కను సామీ." అంత పని మరిది చేయడని ఆమె ధైర్యం. అతను మాత్రం తల వంచుకునే సరేనన్నాడు.

ఆళ్లగడ్డ దాకా బస్సు, అక్కణ్ణుంచి ఎద్దులబండి, ఆపైన కాలినడకన ఎగువ అహోబిలం చేరాం. దారిపొడుగునా వదినా మరుదులు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మిట్టమధ్యాహ్నమైనా కొండ గుహలోని ఆ గుడిలో మసకచీకటే. భవనాశి వాగులో మునిగి తడిబట్టలతో వచ్చిన ఆ మనిషి, తన కోసం వేరుగా వెలిగించిన దీపం ముందు నిలబడి, బావిలో వదినకు భాగం లేదని తడబడకుండా పలికి, తడి తువ్వాలు కొంగుతో దీపం ఆర్పేశాడు.

ఏమీ జరగలేదు. తడిపంచె నుంచి రాతి మీద నీటిచుక్కలు పడే చప్పుడు తప్ప మరేమీ లేదు. అంతలో అతను చటుక్కున పక్కకు తిరిగి, పొలంలో దూరాన్నుంచి ఎవరో కేకేస్తే పలికినట్టు మామూలు గొంతుతో, "ఆఁ, వస్తాండా అన్నా" అన్నాడు.

మాలో ఎవరికీ ఏ పిలుపూ వినపడలేదు. నేను గుమ్మం వైపు చూశాను, అక్కడెవరూ లేరు. ఆమె మాత్రం గోడకు ఆనుకుని కళ్లు పెద్దవి చేసుకుని చూస్తోంది. బయట ఎండలోకి వచ్చాక అతను నన్నే అడిగాడు, "నన్ను పిలిచిందెవరప్పా?" అని. ప్రమాణం సక్రమంగా జరిగిందని కోర్టుకు రాసిచ్చాను. కోర్టు అడగని ఆ పిలుపు సంగతి అందులో ఎక్కడని రాయడం?

తీర్పు రోజు ఆమె అన్నిటికీ సిద్ధపడే వచ్చింది. కేసు పిలవగానే గెలవబోయే మనిషే లేచి, బావిలో సగం మా వదినదే అన్నాడు. చిక్కి సగమయ్యాడు. మరి ప్రమాణం చేశావు కదయ్యా అని మునసబుగారు కోప్పడితే, చేతులు కట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"కపిల తోలేటప్పుడు మాయన్న ఎనకనుంచి పిలుస్తాండాడు సామీ. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. ఎడ్లు గూడ ఆ పిలుపుకు నిలబడిపోతాండాయి."

కోర్టులో ఎవరూ నవ్వలేదు. కపిల లాగి బావి నీళ్లు తోడే ఎడ్లకు అబద్ధమాడాల్సిన పనేముంది? సగం సగం అని రాజీ రాసుకున్నారు.

అరుగు మీద కూర్చున్న ఆమె దగ్గరికి వెళ్లి, నీ బావి నీకొచ్చిందమ్మా అన్నాను సంబరంగా. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

"నేనూ ఆడనే ఉంటి గదప్పా. గుడిలోనూ ఉంటి, బావి పక్క చేన్లోనూ ఉంటి. ఆయప్ప తమ్మున్ని పిలిచినాడు, ఎడ్లను పిలిచినాడు. కట్టుకున్నదాన్ని, నన్ను ఒక్కతూరి గూడ పిలవల్యా."

ఆ వయసులో నాకా ఏడుపు అర్థం కాలేదు. ఆడవాళ్లకు గెలిచినా ఏడుపేనని విసుక్కున్నాను కూడా.

ఇప్పుడా చట్టం లేదు. కపిలలు పోయి మోటార్లు వచ్చాయి, ఆ మోతలో ఎవరు పిలిచినా వినపడదు. మా ఇంటావిడ పోయాక ఈ ఇంట్లో టీవీ మోత ఎక్కువైంది. నిన్న సాయంత్రం కరెంటు పోయి అది ఆగిపోగానే, మనవరాలు కొవ్వొత్తి కోసం పరుగెత్తింది. నేను కుర్చీలో కదలకుండా చెవులప్పగించి కూర్చున్నాను. ఆకు కూడా కదల్లేదు. ఆ పిల్ల వెలుతురు తెచ్చి నా ముఖం చూసి, భయమేసిందా తాతా అంది.

భయమేం లేదమ్మా అన్నాను. ఎవరైనా పిలిస్తే కదా.